మిషను మొత్తుకున్నది నలుగురూ విన్నారు

నేను చెబుతున్నాను, మనవరాలు ఫోన్లో కాలేజీ పిల్లల గ్రూపులో రాస్తోంది. జగిత్యాలలో ఒక కాలేజీ ల్యాబులో ఊడుస్తాను. అక్కడ నూనె ఒత్తిడితో ఇనుప కడ్డీలను లాగి పరీక్షించే మిషనుంది. ఇవాళ నలుగురు పిల్లలు చూస్తుండగా కొత్త సారు కంప్యూటర్లో అంకెలు పెంచుతూ దాన్ని సరిచేస్తుంటే, అది వణుకుతూ ఊళ పెట్టింది. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపిన చెవులు నావి.

“సారూ, గా అంకె తగ్గియ్యున్రి. మిషను మొత్తుకుంటున్నది.”

“నీకేమెరుక అవ్వా? ఊడ్సుకో పో!”

ఇంకాస్త పెంచాడు. మిషను ఎగిరిపడి, కడ్డీని పట్టుకునే దవడ విరిగింది. సాయంత్రం ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వేయమన్నాడు. చదవమంటే చదివాడు: నా చీపురు తగిలి వైరు ఊడి దవడ విరిగిందట!

“నేను వెయ్య,” అని వచ్చేశాను.

రేపు పనిలోకి రానివ్వరేమో. అప్పుడు అక్కడున్న ఆ నలుగురు పిల్లలూ ఈ గ్రూపు చూస్తారట. పిల్లలూ, మీకు రాయడం వచ్చు కదా, విన్నది ఇక్కడ రాయండి.