తనతో తనకే చనువు లేని మనిషి

జెనోబియుష్ తనను తాను "మీరు" అనుకుంటాడు. కోపం ముదిరితే "తమరు" అంటాడు. పోలండ్‌లోని గ్డాన్స్క్ ట్రామ్ డిపోలో ఇరవై ఎనిమిదేళ్ళుగా కొత్తవాళ్ళకు బండి నడపడం నేర్పుతున్న ఈ పెద్దమనిషి తనను తాను "నువ్వు" అనుకోగా అక్కడ ఒక్కరూ వినలేదు.

"జెనోబియుష్ గారూ, తమరు కళ్ళజోడు మళ్ళీ సూప్ డబ్బాలో పెట్టారు," అనేవాడు, అద్దాలకు అంటిన బీట్‌రూట్ తుడుచుకుంటూ. "ఏం ఫర్వాలేదు. కడుక్కుని పెట్టుకోండి."

మెకానిక్ విట్ ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "పుట్టినప్పట్నుంచీ ఒకే ఒంట్లో కాపురం ఉంటున్నారు కదా. ఇంకా ఈ మీరేంటయ్యా?"

"మేమిద్దరం ఇంకా కలిసి గ్లాసు తాగలేదు."

అదీ నిజమే. ఇద్దరు మనుషులు చేతికి చెయ్యి మెలేసుకుని గ్లాసు ఖాళీ చేస్తే తప్ప ఆ దేశంలో "మీరు" పోయి "నువ్వు" రాదు.

"అయితే తాగి తగలడండి మరి."

"అదీ అయింది. అద్దం ముందు నిలబడి చెయ్యి చాచాను. అద్దం పగిలింది. ఆయనకి ఇష్టం లేదేమోనని ఊరుకున్నా."

నలభై ఆరేళ్ళ హల్ష్కాది దీనికి పూర్తిగా తలకిందుల వ్యవహారం. పన్నెండేళ్ళు ట్రామ్‌లు కడిగి, ఇప్పుడు వాటిని నడపడం నేర్చుకుంటోంది. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇక అవకాశం ఇవ్వరు, జీవితాంతం చీపురే. గంట కొట్టడం మరిచిపోతే "గాడిదా" అని, బ్రేకు గట్టిగా పడితే "మొద్దుమొహమా" అని తనను తాను తిట్టుకునేది. ఆ తిట్ల హడావుడిలో తర్వాతి స్టాపు దాటిపోయేది. దాటినందుకు ఇంకో తిట్టు. ఒకరోజైతే ఆ వరసలో మూడు స్టాపులు గాలికి పోయాయి.

పక్కన కూర్చున్న జెనోబియుష్ తిట్టుకోవద్దని ఒక్కనాడూ చెప్పలేదు. పైగా ఆమె తప్పుకు పోటీగా తనూ ఒక తప్పు చేసేవాడు. ఆమె గంట మరిచిపోయిన రోజు ఆయన టోపీ వెనకది ముందుకు వచ్చింది.

"జెనోబియుష్ గారూ, టోపీ వెనక్కి చూస్తోంది. సర్దుకోండి. ముందు మలుపుంది, దాని సంగతి చూడండి."

"ఇలాంటాయన చేతిలో పడ్డాక ఇంక పాసయినట్టే, నా మొహం," అని గొణుక్కునేది హల్ష్కా.

పరీక్ష రోజు వచ్చింది. వెనక సీట్లో పరీక్షాధికారి కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. మార్కెట్ స్టాపు నుంచి బయలుదేరుతూ హల్ష్కా గంట మరిచిపోయింది. "గాడిదా" అన్న తిట్టు నాలుక చివరికి వచ్చేసింది. ఎదురుగా పట్టాలు రెండుగా చీలే చోటు. తిట్టుకుంటూ కూర్చుంటే బండి వెళ్ళాల్సిన దారి వదిలి పక్కదారి పడుతుంది. నోరు తెరిస్తే ఇంకేదో వచ్చింది.

"హల్ష్కా గారూ, తమరు గంట మర్చిపోయారు. ఏం ఫర్వాలేదు. ముందు పట్టాలు చూసుకోండి."

చూసుకుంది. బండి సరైన దారిలోనే తిరిగింది.

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నాడు అధికారి.

"హల్ష్కా గారితోనండి. ఈమధ్యే పరిచయం."

ఆయన గంటకు మార్కులు కోసి, మిగతాదానికి పాస్ చేశాడు.

ఆ మధ్యాహ్నం డిపో క్యాంటీన్‌లో విందు. జెనోబియుష్ భార్య కునెగుండా ఇంట్లో చేసిన చెర్రీ సారా తెచ్చింది. "ఇంట్లో కూడా ఆయన తనని మీరనే అనుకుంటారా?" అని అడిగింది హల్ష్కా.

కునెగుండాకు నవ్వాగలేదు. "ఇంట్లోనా? మొన్న సుత్తి కాలిమీద పడేసుకుని, ఎద్దు, దున్న అంటూ గంటసేపు తనని తనే తిట్టుకున్నాడమ్మా. కళ్ళజోడు మాత్రం ఇంట్లో ఎప్పుడూ ముక్కుమీదే ఉంటుంది. డిపోకొస్తేనే దానికి సూప్ తాగాలనిపిస్తుంది."

హల్ష్కా జెనోబియుష్ వైపు చూసింది. ఆ టోపీలూ, ఆ బీట్‌రూట్ కళ్ళజోళ్ళూ ఎవరికోసమో అప్పుడర్థమైంది. ఆయన మీద ఎక్కడలేని అభిమానం ముంచుకొచ్చింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"హల్ష్కా గారూ," అన్నాడు గ్లాసు అందుకుంటూ, "ఇక మనం నువ్వు అనుకుందామా?"

ఇద్దరూ చేతులు మెలేశారు. హల్ష్కా గ్లాసు ఒరిగి, సారా అంతా ఆయన తెల్లచొక్కా మీద పడింది. నాలుక చివరికొచ్చిన గాడిదను ఆమె మింగేసింది.

"హల్ష్కా గారూ, తమరు ఒలకబోశారు. ఏం ఫర్వాలేదు. ఇంకోటి పోసుకోండి." తర్వాత జెనోబియుష్ వైపు తిరిగింది. "చూస్తావేం, నువ్వూ పట్టు."