బేస్తారం లోపల ఖాళీ

ఆ రోజుల్లో నాకు బాగా చేతనైన పని ఒక్కటే, ఇంటి ఓనరుకు కనబడకుండా బతకడం. పటాన్‌చెరు పక్క కాలనీలో వరసగా ఎనిమిది రేకుల గదులు, చివర రెండు బాత్రూములు, మొదట్లో ఓనరు ఇల్లు. అందులో ఆరో గదిలో నేనూ మా నాయినా ఉండేవాళ్ళం. అమ్మ పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేసి ఆయన్ని నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేను మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో కాంట్రాక్టు హెల్పర్ని. కాంట్రాక్టరు సగం జీతమే ఇస్తూ నేను ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, ఓనరు ఫోన్ చేస్తే నేను ఎత్తేవాణ్ణి కాదు. ఆ సగమూ నాయిన మందులకే సరిపోయేది. కిరాయి నాలుగు నెలలు నిలిచిపోయింది. ఓనరు ఒకప్పుడు రైతు, పొలం ఫ్యాక్టరీకి పోతే ఆ డబ్బుతో గదులు కట్టాడు. ఒకటో తారీకున కరెంటు మీటర్ల ముందు పంటను చూసుకున్నట్టు నిలబడేవాడు కాబట్టి మేమంతా ఆయన్ని మీటర్ పటేల అనేవాళ్ళం (చాటుగానే). నేను పొద్దున్నే టిఫిన్ డబ్బా నోట కరుచుకుని వెనక గోడ దూకి డ్యూటీకి పోయేవాణ్ణి. ఒకసారి అలా దూకితే అటువైపు ఆయన వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ నిలబడి ఉన్నాడు. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గేటున్నది గదరా," అన్నాడు. నోట్లో డబ్బా ఉండటం వల్ల నేను జవాబు చెప్పలేకపోయాను.

నాయినకు లివర్ పాడైంది. ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, నెలో రెండు నెలలో అని చెప్పి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఎవరి ఇంటికి అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కిరాయి ఇంట్లో మనిషి బతకొచ్చు, పిల్లల్ని కనొచ్చు, చావడానికి మాత్రం వీల్లేదు. అందులోనూ మంచి నక్షత్రం కాకపోతే ఇంటిని నెలల తరబడి పాడుపెట్టాలి, అంటే తాళం వేసి మనుషులంతా వెళ్ళిపోవాలి. ఈ భయంతో ఓనర్లు శవాన్ని గేటు లోపలికి కూడా రానివ్వరు. ఎంతోమంది కిరాయిదార్లు ఆఖరి స్నానం రోడ్డు మీదే చేశారు.

ఆ సోమవారం మీటర్ పటేల చేతిలో క్యాలెండర్ పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చాడు. కిరాయికే వచ్చాడనుకుని గోడ వైపు చూశాను. ఆయన గొంతు తగ్గించి, "గుడి అయ్యగారిని అడిగొచ్చిన బిడ్డా. బేస్తారం దాంక ఏం పర్వలేదట. శుక్కురారం సంది ఐదొద్దులు మంచిగ లేవు. గప్పుడేమన్న అయితే ఆర్నెల్లు పాడువెట్టాలె. ఎనిమిది ఇండ్లోళ్ళు లేసిపోతే నేనేం తినాలె?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుర్మార్గుడు కాదు, భయపడిన మనిషి. "నాలుగు నెల్ల కిరాయి నాకొద్దు. నాయిన్ని జెర ప్రాణముండంగనే తీస్కపో," అన్నాడు.

లోపల మంచం మీద నుంచి నాయిన గొంతు వినిపించింది. "బేస్తారం లోపట నాకు వీలుగాదని చెప్పు పటేలకు." పటేల నాలిక్కరుచుకున్నాడు. నాయిన మళ్ళీ, "ట్రాలీ కిరాయి గూడ అడుగురా," అన్నాడు. నేను అడిగాను. పటేల ఇచ్చాడు. ఆ క్షణంలో నాకు ఎంత సంతోషమైందో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. కన్నతండ్రి చావును నాలుగు నెలల కిరాయికి, ఒక ట్రాలీకి బేరం పెట్టి, లాభం వచ్చిందని లోలోపల ఎగిరాను.

బుధవారం పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చింది. పటేల తానే స్టవ్వు మోశాడు, బిందెలు మోశాడు, చివరికి నాయిన పడుకున్న మంచానికి ఒక కోడు పట్టాడు. సంగారెడ్డిలో గది మాట్లాడుకున్నానని ఆయనకు చెప్పాను. ఏ గదీ లేదు. టు-లెట్ బోర్డు కనబడిన చోటల్లా ఆగాం. ఓనర్లు బయటికి వచ్చి, నన్ను చూసి, ఆ తర్వాత ట్రాలీలో మంచాన్ని చూసి, "గిప్పుడే ఇచ్చేసినం," అనేవాళ్ళు. బోర్డు మాత్రం అక్కడే వేలాడుతుండేది. మూడో ఇంటి దగ్గర డ్రైవరు బండి ఆపేసి, "అన్నా, పెద్దయ్యను మంచం మీదికెంచి దించు. గిట్ల పండవెట్టుకోని తిరిగితే మనకు గోదాం గూడ ఎవ్వడియ్యడు," అన్నాడు.

దాంతో కటింగ్ షాపు ముందు ఆగాం. నాయినకు గడ్డం గీయించి, జుట్టుకు నల్లరంగు వేయించి, నా నీలం కంపెనీ చొక్కా తొడిగాను. చొక్కాలో ఆయన ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చింది. అద్దంలో చూసుకుని, "పెండ్లికి గూడ ఇంత చెయ్యలేదురా," అన్నాడు. డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి, పడిపోకుండా నడుముకు తువ్వాలు కట్టి సీటుకు బిగించాం. మంచాన్ని పరుపు కింద దాచాం.

భానూర్‌లో ఒక ఓనరమ్మ గది చూపించింది. ట్రాలీ వైపు చూసి, "పెద్దాయన ఏం జేస్తడు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాయినే కిటికీలోంచి తల బయటపెట్టి, "వాచ్‌మన్ డ్యూటీ బిడ్డా. గిప్పుడైతే లీవుల ఉన్న," అన్నాడు.

"ఎన్నొద్దులు లీవు?"

"పైన సార్లు ఎప్పుడు పిలిస్తే గప్పుడు పోవుడే."

గదికి మూడు మెట్లున్నాయి. ఆమె చూస్తోంది కాబట్టి నేను చెయ్యి పట్టుకోవడానికి లేదు. నాయిన ఎవరో స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వుతూ ఆ మూడు మెట్లూ ఎక్కాడు. లోపలికి వెళ్ళాక గోడను రెండు చేతులతో పట్టుకుని జారి కూలబడ్డాడు. నేను తలుపు మూసి ఏడ్చాను. "ఏడ్వకురా, ఆమెకు ఇనబడ్తది," అన్నాడు.

నెలో రెండు నెలలో అన్న మనిషి పద్నాలుగు నెలలు బతికాడు. మొండితనమో, భానూర్ నీళ్ళో తెలియదు. కాస్త ఓపిక వచ్చాక, పటాన్‌చెరు సంతలో మీటర్ పటేల కనబడితే నాయినే పిలిచి ఆపేవాడు. "పటేలా, నేనింక సావలే. కిరాయి కట్టుమంటవా?" అనేవాడు. పటేల చేతులు జోడించి కూరగాయల సంచి కూడా మరిచిపోయి వెళ్ళేవాడు.

రెండో ఎండాకాలంలో మళ్ళీ మంచం పట్టాడు. ఒక పొద్దున, "కుర్చీ గేటు బయట ఎయ్యిరా," అన్నాడు. గాలి కోసమనుకున్నాను. ఎండ ఎక్కుతోంది, లోపల పడుకో పెద్దయ్యా అని ఓనరమ్మ చెప్పినా వినలేదు. రోజూ తెల్లారగానే బయట కుర్చీ, చీకటి పడితేనే లోపలికి. తొమ్మిదో రోజు నేను డ్యూటీకని గడ్డం గీసుకుంటున్నప్పుడు, ఆ కుర్చీలోనే పోయాడు. ఓనరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "పుణ్యాత్ముడు, బయట్నే పోయిండు," అంది. సగం నురగ ముఖంతో నేను ఆయన ముందు నిలబడ్డాను. నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఈ గది ఖాళీ చేయనక్కర్లేదు అని. ఆయన తొమ్మిది రోజులు ఎండలో ఎందుకు కూర్చున్నాడో ఆ తర్వాతే అర్థమైంది.

ఇప్పుడు అమీన్‌పూర్‌లో చిన్న ఫ్లాటు కొనుక్కున్నాను. సగం బ్యాంకుది, సగం నాది. ఎవరూ గేటు దగ్గర అడ్డగించరు. అయినా కొంచెం జ్వరం తగిలితే చాలు, నాకు తెలియకుండానే కుర్చీ తీసుకుని తలుపు బయట వరండాలోకి పోతాను. "ఇల్లు మనదే, లోపటికి రా," అని నా భార్య నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. జ్వరం తగ్గాకే లోపలికి వెళ్తాను.