రొయ్యల రైతులకు పాఠాలు అమ్మబోయి

"తప్పకుండా అండి" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

భీమవరం దగ్గర ఒక ల్యాబ్‌లో పన్నెండేళ్లు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించాను. రైతులు మంచినీళ్ల సీసాల్లో చెరువు నీళ్లు, కవర్లో రెండు రొయ్యలు పట్టుకొచ్చేవారు. అమ్మోనియా ఎంత ఉందో, రొయ్యకు తెల్లమచ్చ జబ్బు ఉందో లేదో చూసి కాగితం మీద రాసిచ్చేదాన్ని. కాగితం చేతిలో పడగానే "ఇప్పుడేం చెయ్యమంటారండి?" అని మొదలుపెట్టేవారు. దానికి జవాబు చెప్పడం నా ఉద్యోగం కాదు. అయినా చెప్పేదాన్ని.

ఈ సంగతి మా తమ్ముడు పట్టుకున్నాడు. మనకు తెలిసిన విషయాన్ని వీడియోలు చేసి అమ్మడం ఎలా అని ఎవరో కోచ్ చెప్పే పాఠాలు వాడు ఫోన్‌లో వింటుండేవాడు. "అక్కా, నువ్వు ఊరికే చెబుతున్నదే అమ్మితే ఆ కంపు సీసాలు కడగక్కర్లేదు. తెలుగులో ఇలాంటి కోర్సు ఒక్కటీ లేదు. పోటీయే లేదు!" అన్నాడు. పోటీ లేదంటే ఎందుకు లేదో ఒక్క నిమిషం ఆలోచించొద్దా? ఎవరూ కొట్టు పెట్టని సందులో కొట్టు పెడుతూ, నాకెంత తెలివో అని మురిసిపోయాను.

అలాగని గుడ్డిగా దిగలేదు. నెల్లాళ్లపాటు సీసా తెచ్చిన ప్రతి రైతునూ అడిగాను. "వీడియోలు చేస్తే కొంటారా అండి?" అని అడగడం, పేరు నోటుబుక్కులో రాసుకోవడం. ఒక్కరైనా కాదంటేనా! "ఎంత మాటండి, మీరు చెబితే కొనకపోవడమా!" "తప్పకుండా అండి, మా బావమరిది చేత కూడా కొనిపిస్తాను." ఒకాయనైతే "ముందు నా పేరు రాయండమ్మా" అని పక్కన నిలబడి మరీ రాయించాడు. ఎదురుగా ఉన్న మనిషిని పట్టుకుని కాదనడం మా వైపు వాళ్ల వల్ల కాదు. పెళ్లికి రాలేమని తెలిసినా "వచ్చేస్తామండి" అనే మనుషులం. నేనూ వందసార్లు అలా అన్నదాన్నే. అన్నీ తెలిసి ఆ మర్యాదను గిరాకీ అనుకున్నాను. నోటుబుక్కు నిండగానే ఉద్యోగం మానేశాను. ఇంట్లో నెలనెలా కచ్చితంగా వచ్చేది ఆ జీతమొక్కటే. రెండో వారానికల్లా నా కుర్చీలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టారు.

ఫ్యాన్ ఆపి, కుక్కర్ కూత పడకుండా చూసుకుని, చెమటలు కక్కుతూ పద్దెనిమిది వీడియోలు తీశాను. ఇద్దరు కొన్నారు. అందులో ఒకడు మా తమ్ముడి స్నేహితుడు. వాడికి చెరువే లేదు.

ఫోన్లకు మాత్రం కొదవ లేదు. తెల్లారేసరికి మొదలు. "అమ్మా, రొయ్య పైకి తేలిపోతోందండి, ఫోటో పెట్టాను చూడండి." వీడియోలో అంతా ఉందంటే, "అది తర్వాత చూస్తాలెండి, ముందు ఏం వెయ్యాలో చెప్పండి" అనేవారు. పంట చచ్చిపోతోందంటే చెప్పకుండా ఎలా ఉంటాను? చెప్పేదాన్ని. ఫోన్ పెట్టేసి పళ్లు నూరుకునేదాన్ని.

ఒకరోజు పట్టలేక, ముందు పేరు రాయించుకున్నాయన చెరువు దగ్గరికే వెళ్లాను. "కొంటానన్నారు కదండీ?" అని మొహమ్మీదే అడిగాను. ఆయనేం సిగ్గుపడలేదు. బొండం కొట్టించి నా చేతికిచ్చాడు.

"మేత అమ్మే కంపెనీ మనిషి వారానికోసారి గట్టు మీదకొచ్చి ఊరికే చెప్పి పోతాడండి. ఆయనకి తెలీకపోతే మీరున్నారు. ఇంక కొనడం ఎందుకు చెప్పండి?"

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదా?"

"ఆడకూతురు ఆశగా అడిగితే కాదంటామేంటండీ, మీరు మరీను!"

బొండం తాగకుండా గట్టు మీద పెట్టేసి వచ్చేశాను.

ఆ వారంలోనే ఇంటికి ఒక మనిషి వచ్చాడు. చెరువుల మీద రొయ్యలు కొని లారీలకెక్కించే ఏజెంటు. వీడియోల మాటే ఎత్తలేదు. "రైతులు రోజూ మీకు ఫోన్లు చేస్తారంట కదండీ. ఏ చెరువుకి జబ్బు తగిలిందో ముందు మీకే తెలుస్తుంది. ఆ పేరు నాకో మెసేజ్ పెట్టండి చాలు. ఊరికే వద్దులెండి" అని నోట్ల కట్ట తీసి టీపాయ్ మీద పెట్టాడు.

జబ్బు తగిలిన రైతు ఆ సంగతి పక్క చెరువు వాళ్లకు కూడా పొక్కనివ్వడు. పొక్కితే రేటు పడిపోతుంది. గుట్టుగా రొయ్య పట్టేసి, ఉన్నంతలో అమ్ముకోవాలని చూస్తాడు. ఆ రైతెవరో ముందే తెలిస్తే ఈ మహానుభావుడు సగం ధరకు గుంజుకుపోతాడు. నాకు తెలిసినదానికి బజార్లో వచ్చిన అసలు బేరం అదొక్కటే.

"లేవండి, నడవండి బయటికి!" అని అరిచాను. వీధిలోకి వెంటబడి మరీ అరిచాను. మా తమ్ముడు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆ కట్ట అతని మీదకు విసిరికొట్టాడు. తర్వాత ఊరంతా చెప్పాడు. రైతులు కూడా విని, "అమ్మగారు నిప్పండి" అన్నారంట.

తమ్ముడు టీ పెడుతున్నాడు కాబట్టి అంతకు ముందు మాట వినలేదు. "ఒక్కో పేరుకెంత ఇస్తారండి?" అని అడిగాను నేను. అతను చెప్పాడు. ఆ వారం ఫోన్ చేసినవాళ్లలో ఎవరెవరికి జబ్బు తగిలిందో మనసులో గుర్తుచేసుకున్నాను. ముగ్గురు. ఆ ముగ్గురి పేర్లూ నోటిదాకా వచ్చాయి. ఆ తర్వాతే అరిచాను.