గులాబీ కణం చుట్టూ గోడ

అక్కాబావల ఇంట్లో అతన్ని చిన్నోడు అంటారు. నలభై మూడేళ్లొచ్చాయి, మీసం నెరిసింది, పిలుపు మాత్రం మారలేదు. బావ ప్రెస్సులో బడులకు సైన్సు చార్టులు అచ్చవుతాయి. వాటికి బొమ్మలు గీయడం అతని పని. మూత్రపిండం, పువ్వు నిలువుకోత, మొక్క కణం, జంతు కణం, అన్నీ అతని చేతిమీదుగా వచ్చినవే.

గీసే గది మెషీన్ వెనక ఉంది. కిటికీ లేదు. కాగితం రీములు గుమ్మందాకా పేర్చి ఉండటంతో తలుపు సగమే తెరుచుకుంటుంది. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి లోపలికి దూరాలి. మెషీన్ తిరుగుతున్నంతసేపూ గ్లాసులో నీళ్లు వణుకుతుంటాయి. సన్నగీత గీయాలంటే అది ఆగేదాకా కుంచె పట్టుకుని కూర్చోవాల్సిందే.

అమ్మానాన్నలు పోయాక, పదిహేడో ఏట అక్క తీసుకొచ్చింది. "ఈ ఒక్క సీజనూ గీసిపెట్టు, తర్వాత నీ చదువు సంగతి చూద్దాం" అన్నాడు బావ. చెడ్డవాడేమీ కాదు. మాట మరిచిపోయాడు, అంతే. ఒకసారి పత్రికాఫీసు నుంచి బొమ్మలేసే ఉద్యోగానికి పిలుపొచ్చింది. అక్క రెండు రోజులు తమ్ముడికి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, తను మాత్రం ముట్టలేదు. మూడోరోజు అతనే ఆ ఉత్తరం చించేశాడు.

బళ్లు తెరిచే రోజుల్లో ఒక సైన్సు టీచరమ్మ చుట్టిన చార్టు పట్టుకుని ప్రెస్సుకు వచ్చింది. ఆ వేళకు బావ బయటికెళ్లి ఉన్నాడు.

"ఇది గీసినాయన ఎవరండీ?"

"నేనేనండి."

"జంతు కణానికి గోడ కట్టారేంటి?"

అతనికి అర్థం కాలేదు. ఆవిడ చార్టు బల్లమీద పరిచి వేలు పెట్టి చూపించింది. "ఈ కణకవచం మొక్కలకుంటుందండీ, మనకుండదు. మన కణానికి పైన ఉండేది ఈ పల్చటి పొరే, కణత్వచం. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో అదే చూసుకుంటుంది. మీరు దాని చుట్టూ ఇంత మందాన గీత గీశారు. పిల్లలు పరీక్షలో ఇదే దించేస్తున్నారు."

మొక్క కణం బొమ్మకే గులాబీ రంగు వేసి, ఆకుపచ్చ రేణువులు తీసేస్తే జంతు కణమైపోతుందని ఇరవయ్యేళ్ల కిందట బావ చెప్పడం అతనికి గుర్తొచ్చింది.

"నేనెప్పుడూ కణాన్ని చూళ్లేదండి" అన్నాడు.

"చూస్తారా?" అంది ఆవిడ మామూలుగా.

మర్నాడు భోజనం వేళ బడికి వెళ్లాడు. ఆవిడ పుల్లతో అతని బుగ్గ లోపల మెల్లగా గీకి, గాజుపలక మీద రాసి, ఒక చుక్క నీలిరంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. మొదట తన కనురెప్పల వెంట్రుకలే కనబడ్డాయి. తర్వాత మసక విడిపోయింది. ఒక్కటీ తను గీసినట్టు నున్నగా, గుండ్రంగా లేదు. అంచులు ముడతలు పడి, ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి. నడుమ ముదురు నీలం చుక్క.

"అది కేంద్రకం. కణం చేసే పనులన్నిటికీ అక్కణ్నుంచే ఆదేశాలు."

"మైటోకాండ్రియా ఏవండీ? నేను చిక్కుడు గింజల్లా వేస్తాను."

"ఉన్నాయి. తిన్న తిండిలోంచి శక్తి తీసేవి అవే. ఈ మైక్రోస్కోపుకు అందవంతే."

తర్వాత ఒక నీటిమొక్క ఆకు పెట్టింది. ఇటుకలు పేర్చినట్టు గదులు. ప్రతి గదిలోనూ ఆకుపచ్చ రేణువులు గోడ వెంట జరుగుతున్నాయి. మూలదాకా పోయి, మలుపు తిరిగి, మళ్లీ అదే దారి పడుతున్నాయి.

"ఇవి కదుల్తున్నాయే."

"లోపలి ద్రవం తిరుగుతుంటుంది. దాంతోపాటు అవీను."

గంట కొట్టాక కూడా అతను తల తీయలేదు.

సాయంత్రం బావతో చెప్పాడు.

"కట్టలకు కట్టలు అచ్చయి ఉన్నాయిరా. ఇన్నేళ్లుగా లేని తప్పు ఇప్పుడెక్కణ్నుంచి ఊడిపడింది? గోడకు తగిలించేదాన్ని ఎవడు చూడొచ్చాడు?"

"ఆవిడ చూసింది బావా."

"ఆవిడొక్కతే కదా."

మర్నాటి నుంచి చిన్నోడు భోజనం వేళ స్టాకు గదిలో చేరి, కట్టలు విప్పి, ఒక్కో చార్టు మీద ఆ మందపాటి గీతనూ, పక్కనున్న 'కణకవచం' అన్న మాటనూ తెల్లరంగుతో కప్పడం మొదలుపెట్టాడు. మూడొందలు దాటాక బావ కంటబడ్డాడు. బావ అరవలేదు. అక్కను పిలిపించాడు.

అక్క ఆ కట్టల మధ్య నిలబడి, "మన కొంపకు నువ్వే ఎసరు పెడతావా చిన్నోడా?" అంది.

చిన్నోడు ఆరిన తెల్లరంగు మీద మళ్లీ అదే గీత గీశాడు, అదే మాట రాశాడు. మూడొందల పైచిలుకు. చెయ్యి దానంతటదే పోయింది, ఒక్క గీతా వంకర పోలేదు. అదే అతనికి ఎక్కువ కష్టమనిపించింది.

ఆ పని ముగిశాక ఒక సెలవురోజున కొత్త షీటు తీసి, బుగ్గ కణాలను చూసింది చూసినట్టు గీశాడు. చూడనిదేదీ వెయ్యలేదు. టీచరమ్మ దాన్ని బళ్లో పాత చార్టు తీసేసిన మేకుకే తగిలించింది. ప్రెస్సు నుంచి మాత్రం ఇప్పటికీ గోడ ఉన్న కణమే వెళ్తోంది.

ఈ ఏడు జీర్ణవ్యవస్థ చార్టు వెలిసిపోయిందని, దాన్నే చూసి కొత్తది దించమన్నాడు బావ. సరేనన్నాడు చిన్నోడు. బడికెళ్లి, కాలేయం ఏ పక్క ఉంటుందో కనుక్కుని వచ్చాకే పెన్సిలు పట్టుకున్నాడు.