మావ కొత్త కన్ను, పడమటి కొండ

నౌపడ ఉప్పు మడుల్లో వాతావరణ శాఖ అంటే మా మావే. శాఖకున్న పరికరం ఒక్కటే, పడమటి కొండ. అది మసగ్గా ఉంటే ఎండ ఖాయం. అంచులు తేరి, దగ్గరకొచ్చినట్టు కనిపిస్తే వాన తప్పదు. వాన పడితే మడిలో ఉప్పు మళ్లీ నీళ్లే. అందుకని మావ చెయ్యెత్తితే చాలు, పక్క మడులవాళ్లు కూడా ఉప్పు లాగి, కుప్పపోసి, తాటాకులు కప్పేస్తారు.

పోయిన వేసవిలో మావ ఒక కంటికి శుక్లం ఆపరేషను చేయించుకున్నాడు. నల్లకళ్లజోడు తీసెయ్యొచ్చని డాక్టరు చెప్పిన మర్నాడు పొద్దున్నే గట్టెక్కి, కొండను చూసి కొయ్యబారిపోయాడు.

"ఒరే, కొండ మీదకొచ్చేసినాది. సెట్లు కూడా అగుపడతన్నాయి. ఇది మామూలు వాన కాదు."

అత్త చెక్కపార అందుకుంది. ఉప్పు ఇంకా గింజ కట్టలేదు. ఇప్పుడు లాగితే నాసిరకం, లాగకపోతే అదీ ఉండదు. మావ ముఖం చూసి పక్క మడులవాళ్లు కూడా మొదలెట్టేశారు.

నాకేమో కొండ రోజూలాగే నీళ్లు కలిపిన పాలలా మసగ్గా కనిపిస్తోంది. విజయనగరంలో డిగ్రీ ఫిజిక్సు వెలగబెడుతున్నాను కనుక ఊరుకోలేకపోయాను.

"మావా, మనకీ కొండకీ మజ్జిన గాల్లో దుమ్ము, సముద్రం తేమ ఉంటాయి. ఎండ వాటి మీద పడి సెదిరిపోయి తెల్లగా తెర కడతాది. ఆ తెర ఈయేళ కూడా ఉన్నాది."

"మరి నాకు లేదేటి?"

"నీ కంట్లో ఇంకో తెర ఉండేది, డాక్టరు తీసేసినాడు. రెండు తెరల కొండే నీకు అలవాటు. కొత్త కన్ను మూసి సూడు."

అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. అంత పెద్ద కొండను కాసేపు ముందుకీ వెనక్కీ నడిపించాడు.

"వాన ఆకాశంలో ఉన్నాదా, నీ కంట్లో ఉన్నాదా, ఏదోటి సెప్పు. నా నడుం పడిపోతన్నాది," అంది అత్త.

"ఆపీయండి," అని మావ మడులన్నిటికీ వినబడేలా అరిచాడు. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అప్పటికే లాగేసిన మడుల్లో ఉప్పు నాసిరకమైపోయింది. మిగతావి ఆ ఎండలకే చక్కగా గింజ కట్టాయి.

రెండో కంటికి ఎప్పుడొస్తారని ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది.

"వానలు పడ్డాక వస్తానండి," అన్నాడు మావ. "ప్రస్తుతం అది డ్యూటీలో ఉన్నాది."