మా అత్త గ్రేడ్ వెయ్యని మూడో టేక్

నిన్న పొద్దున ఫోన్‌లో గిటార్ వీడియో చూస్తున్నాను.

వీడియో మీద మా అత్త కొడుకు, బావ మెసేజ్ వచ్చింది.

"అమ్మ పోయిందిరా."

కింద వీడియో నడుస్తూనే ఉంది. అందులో వాయిస్తున్నాయన ఒక్క తీగ మీటి వదిలేశాడు. ఆ సౌండ్ చాలాసేపు ఉంది. అది ఆగేదాకా అలాగే కూర్చున్నాను. మెసేజ్ ఓపెన్ చెయ్యకపోతే ఇంకా నిజం అవ్వదేమో అనిపించింది.

అత్త మొన్న డయాలసిస్ చేయించుకుని బాగానే ఇంటికెళ్ళింది. పడుకుంది. పొద్దున లేవలేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. అత్త అంటే మా నాన్న అక్క. వాళ్ళది మందస దాటాక సముద్రం పక్క ఊరు. ఇరవై ఏళ్ళు పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చేసింది. పప్పు వేళ్ళకి తగిలితే చాలు, ఏ గ్రేడో చెప్పేసేది.

నిండుగా ఉంటే గుండు. రెండుగా విడిపోతే బద్ద. విరిగిపోతే ముక్క.

నాకు నలుగురిలో మాట్లాడటం రాదు, మీకు తెలుసు. ఎనిమిదితో స్కూల్ ఆపేశాను. సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటి, దాని సౌండ్ పెంచే చిన్న యాంప్ ఒకటి ఉన్నాయి. ఒక పెడల్ కావాలి. కాలితో నొక్కితే గిటార్ సౌండ్ మారిపోయే చిన్న పెట్టె అది. మా వైపు షాపుల్లో దొరకదు. నొక్కి చూసి కొనే ఛాన్స్ లేదు. వీడియో విని ఆర్డర్ పెట్టాలి. నేను కొనగలిగేది ఒక్కటే. తప్పు వీడియోని నమ్మితే అయిపోయినట్టే.

ఒక ఆదివారం అత్త ఇంటి అరుగు మీద కూర్చుని అవే వింటున్నాను.

"ఏటిరా అల్లుడా, సెవుల్లో వైర్లెట్టుకుని కూకున్నావు. నాకూ ఒకటియ్యి."

ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చాను.

రెండు నిమిషాలు వింది.

"ఈడేటిరా, సంబందం కుదర్సడానికొచ్చినోడిలాగ పెట్టిని పొగిడేత్తన్నాడు. వాయించడేటి? ముక్క."

తర్వాతది నాకు చాలా నచ్చింది. వెనకాల డ్రమ్స్, కీబోర్డ్, అన్నీ ఉన్నాయి.

"ఇది బాగుంది కదత్తా."

"బాగుంటాది మరి, అన్ని వాయిద్యాలు కప్పేసినాక. పొట్టుతోటి పప్పుని ఎవులైనా గ్రేడ్ సేత్తారేటి? పొట్టు తీసి సూపించమను."

ఆ రోజు నుంచి మాకు అదే రూల్. ముందు ఉత్త గిటార్ వినిపించాలి. తర్వాత పెడల్ నొక్కి అదే ట్యూన్ మళ్ళీ వాయించాలి. లక్షల వ్యూస్ ఉన్న వీడియోలు మా అత్త దగ్గర ముక్కలైపోయాయి. ఎక్కడో ఒక ముసలాయన, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తున్న గదిలో, తలొంచుకుని వాయించుకుంటే గుండు వచ్చింది.

వీడియోల్లో వాళ్ళు మాట్లాడే ఇంగ్లీష్ మా ఇద్దరికీ రాదు.

"రాకపోడమే మంచిదైందిరా. ఒచ్చుంటే నమ్మేద్దుము" అనేది.

తీగ సౌండ్‌ని చాలాసేపు మోగించే ఒక రివర్బ్ పెడల్ విన్నప్పుడు అత్త కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"ఇందులో సముద్రం ఉందిరా."

గుండు. అక్కడే ఆర్డర్ పెట్టేశాను.

పలాస, మా ఇంటికి వచ్చి రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అదే వీడియో విన్నాను. సముద్రం లేదు. భయమేసి ఫోన్ చేశాను.

"అత్తా, అందులో సముద్రం నేదు."

దగ్గొచ్చేదాకా నవ్వింది. "అది కాలీగున్న రెండో సెవిలోదిరా పిచ్చోడా. పెట్టి వచ్చినాక ఇక్కడికే తే."

పెడల్ వచ్చాక గిటార్, యాంప్ అన్నీ అక్కడికే మోసుకెళ్ళాను. వీడియో చెయ్యమన్నది కూడా అత్తే. "నీలాటి కుర్రగుంటలు ఎందరున్నారో. ఆళ్ళకి పొట్టు తీసి సూపించు."

ఏడు టేకులు తీశాను. మూడో టేక్ మధ్యలో అత్త వంటింట్లోంచి వచ్చేసింది. అది వేస్ట్ అనుకున్నాను. ఏడోది తలుపులేసి తీశాను, క్లీన్. ఏ చప్పుడూ లేదు. అది వినిపించాను.

"బద్దరా."

"ఏం?"

"సగమే ఉంది. గిటారుంది. నువ్వు నేవు."

"మాట్లాడితే ముక్కన్నావు కదత్తా."

"పొగడొద్దన్నాను. పలకొద్దన్నానేటి?"

వచ్చే ఆదివారం మాట్లాడతాను అన్నాను. మూడు ఆదివారాలు అదే మాట అన్నాను. రికార్డ్ నొక్కగానే ఆపేసేవాణ్ణి. అత్త చేపల కూర వడ్డించేది.

ఈ ఆదివారం మాట్లాడినా వినడానికి అత్త లేదు.

ఇవాళ పొద్దున ఆ టేకులన్నీ విన్నాను. ఒక్క చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని.

మూడో దాంట్లో వెనకాల సముద్రం ఉంది. ఈసారి ఖాళీ చెవిలోది కాదు, నిజంగానే ఫోన్‌లోనే ఉంది. తీగ సౌండ్ దాంట్లో కలిసి ఎక్కడికో వెళ్ళిపోతోంది. అప్పుడు గాజుల చప్పుడు. అత్త గొంతు.

"అల్లుడా, కూర సల్లారిపోతంది. ఆ పెట్టికి కూడా ఓ కంచం ఎట్టమంటావేటి?"

తర్వాత ఎవరో కుర్రాడు నవ్వాడు.

"వత్తన్నానత్తా. ఈ ఒక్కపాలి వాయించేసి."

అది నేనే. నేను అలా మాట్లాడతానని నాకే తెలియదు. భయం లేదు ఆ గొంతులో. అన్నాక మళ్ళీ వాయించాను. ఏడోదాని కంటే బాగా వాయించాను.

ఏమీ కట్ చెయ్యలేదు. ఆ మూడో టేక్ ఈ పోస్ట్ కింద పెట్టాను. నా గొంతు వినని వాళ్ళు వినండి.

అత్తా, ఇది నువ్వు వినలేదు. అందుకే గ్రేడ్ నేనే వేస్తున్నాను.

గుండు.

వెళ్ళిరా అత్తా. సూదులు లేని చోట, సముద్రం వినిపించే పక్కకి తిరిగి హాయిగా పడుకో.