ఎడమ స్పీకర్ కాస్త తక్కువ

మంగళవారం పొద్దున బ్యాంకుకు బయల్దేరుతుంటే మాస్టర్ భార్య ఫోన్ చేసింది. "సారూ, మీ మాస్టర్ పోయిండు" అంది. ఏడవలేదు. "నిన్న గూడ మీ డబ్బాల సంగతే అడిగిండు" అంది. ఆ మాట నాకింకా మింగుడు పడటం లేదు.

మరమగ్గాలను మాస్టర్ సాంచలు అనేవాడు. సూరత్ పక్క ఉధ్నాలో ఆ సాంచలు బాగుచేయడమే ఆయన పని. సొంతూరు జగిత్యాల దగ్గర పల్లె. ముప్పై ఏళ్లు ఆ మోతలోనే నిలబడ్డాడు. నేను బదిలీ మీద సూరత్ వచ్చిన బ్యాంకు ఉద్యోగిని. మా ఇద్దరినీ కలిపింది నా పాటల పిచ్చి.

ఒకాయన ఊరు మారుతూ అమ్మేస్తుంటే పాత ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు ఒక జత కొన్నాను. మామూలు స్పీకర్లలో ఉండే కాగితపు గిన్నె వీటిలో ఉండదు. రెండు చిల్లుల రేకుల నడుమ ఉల్లిపొర కన్నా పల్చని ప్లాస్టిక్ పొర బిగించి ఉంటుంది. హై వోల్టేజి పెడితే ఆ పొరే కదిలి పాడుతుంది. నా జతలో ఒకదాని పొర వదులైపోయింది. రిపేరు షాపులన్నీ చేతులెత్తేశాయి. "బిగించడమే కదా, సాంచల మాస్టర్‌ని అడగండి" అన్నాడు ఒక షాపతను, వేళాకోళానికి. నేను నిజంగానే వెళ్లాను.

మాస్టర్ ఆ పొర మీద వేళ్ల వెనకభాగం ఆనించి చూశాడు. "ఇది పడుగే గద సారూ" అన్నాడు. మగ్గం మీద పోగులు బిగించినట్టే దాన్నీ బిగించాడు. తర్వాత కాస్త దూరం నుంచి మెల్లగా ఊదాడు. పొర మీద బల్బు వెలుతురు ఎలా వణికిందో చూసి, బిగువు సరిపోయిందన్నాడు.

పాట పెడితే మాత్రం స్పీకర్ వంక చూసేవాడు కాదు. నా మొహం వంక చూసేవాడు. మర్యాద కాబోలు అనుకున్నాను. సాంచల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మాటలు పెదవులు చూసి పట్టేవాడు, పాట నా మొహం చూసి. అడిగితే, "మీరు ఇంటున్నరు గద, సాలు" అన్నాడు.

ఈ మధ్య నాకు కొత్త రకం స్పీకర్ల మీద మనసైంది. మనిషెత్తున ఉంటాయి, కింద బాస్ పెట్టె కూడా ఉంటుంది. పాతవి గొంతును ఉన్నదున్నట్టు పలుకుతాయి గానీ గట్టిగా పెడితే తట్టుకోలేవు. వాటికి చిన్న వాల్వు ఆంప్లిఫయర్ చాలు. కొత్తవి సన్నని స్వరాల దగ్గర కరెంటు బాగా లాగుతాయి, బరువైన ఆంప్లిఫయర్ ఉండాలి. ఏది మంచిదని మాస్టర్‌నే అడిగాను.

"మీకు గొంతు గావాల్నా, మోత గావాల్నా?" అన్నాడు. "కొత్తయి కొంటె కొనుండ్రి. గని దారాన్ని బట్టి సాంచ నడుపాలె సారూ. సాంచను బట్టి దారం నడువది, తెగుతది."

నేను వింటేనా. స్పీకర్లు తర్వాత కొనొచ్చని ముందు పెద్ద ఆంప్లిఫయర్ తెచ్చాను. తెచ్చినదాన్ని చూస్తూ కూర్చోలేక పాతవాటికే తగిలించి సౌండు పెంచాను. ఎడమ స్పీకర్లో టప్‌మని మెరుపు, వెంటనే కాలిన వాసన. పొరకు పెసరగింజంత చిల్లి పడింది.

అప్పటికే మాస్టర్‌కి ఊపిరి అందడం లేదు. ఊపిరితిత్తుల నిండా దారపు దుమ్మే ఉందని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే స్పీకర్‌ని, చిన్న ఆంప్లిఫయర్‌ని ఆటోలో వేసుకుని ఉధ్నాలో ఆయన గదికి వెళ్లాను.

పొర మీద దుమ్ము పడకూడదని తలుపు దగ్గరికి వేసి, ఫ్యాను ఆపి, తడి చీర కిటికీకి కట్టి ఏప్రిల్ ఎండలో రెండు రోజులు కూర్చున్నాడు. తన ముక్కుకు ఒక గుడ్డ కట్టుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. రెండో రోజు ఆయన భార్య తలుపు సందులోంచి, "మనిషి గిట్ల రొప్పుతుండు, ఆ డబ్బాలు మల్లెప్పుడన్న జేస్తె ఏమైతది?" అంది. ఆయనకు వినపడలేదు. నాకు వినపడింది. అయినా నేను లేవలేదు.

కొత్త పొర బిగించి, దాని మీద కరెంటు పట్టే పూత పూసి, ఊదబోయాడు. దగ్గు తెర వచ్చింది. మళ్లీ ఊదాడు. పొర కదల్లేదు.

"ఊపిరి సాల్తలేదు సారూ. మీరు ఊదుండ్రి."

నేను ఊదాను. వెలుతురు వణికింది. "సాలు" అన్నాడు.

తర్వాత ఎప్పుడూ పెట్టే పాటే పెట్టాను. మునుపటి కంటే కాస్త తక్కువ పలికింది. బాగుందని తల ఊపాను, నవ్వాను కూడా. ఆయన నా మొహం వంక చాలాసేపు చూశాడు.

"తక్కువున్నది గద" అన్నాడు. "పూత సరిగ పట్టలే. జర పానం కుదురుకోనియ్యుండ్రి, మల్ల పూస్త."

కుదురుకోలేదు. అంత్యక్రియలకు సాంచల వాళ్లు షిఫ్టు మారే వేళకు వచ్చి, మళ్లీ షిఫ్టుకే వెళ్లిపోయారు. ఆయన భార్యకు ఏదో చెప్పుకోవాలని దగ్గరికి వెళ్లాను. "ఎడమది మల్ల పూయాలె అని సారుకు చెప్పు అన్నడు" అని ఆమే చెప్పింది.

పెద్ద ఆంప్లిఫయర్ షాపుకి తిరిగి ఇచ్చేశాను. కొత్త స్పీకర్లు కొనలేదు, కొనను. మొన్న ఆదివారం పాత జతకే చిన్న ఆంప్లిఫయర్ తగిలించి ఆ పాట పెట్టాను. ఎడమది ఇంకా తక్కువే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియనివ్వకూడదని, అలవాటు కొద్దీ నవ్వుతూ మొహం ఎత్తాను. ఎదురుగా గోడ ఉంది.